బంతి ఒక చేత, ఫైలు ఒక చేత

విశేష్ భృగువంశీ పేరు బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకు కొత్త కాదు. వారణాసి కుర్రాడు. భారత జట్టుకు ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉన్నాడు, 2017లో ఆస్ట్రేలియా లీగులోని అడిలైడ్ థర్టీసిక్సర్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు, 2020లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఇంత పేరున్న ఆటగాడికి నెలనెలా జీతం వేసింది ఏ లీగూ కాదు, ఓఎన్‌జీసీ. కేరళ నుంచి వచ్చిన గీతూ అన్నా జోస్ ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్‌కు ఆడింది, 2011లో అమెరికా వెళ్లి డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ట్రయల్స్‌లో పాల్గొంది. ఆమె ఉద్యోగం చెన్నైలో, సదరన్ రైల్వేలో. 2021లో పద్మశ్రీ ప్రకటించిన అనితా పాల్‌దురై కూడా అదే రైల్వే ఉద్యోగి. తల్లయ్యాక మళ్లీ జట్టులోకి వచ్చి దేశానికి ఆడింది. అప్పుడు కూడా ఆమె ఉద్యోగం ఆమెకుంది.

మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో ఇంటర్ చదివే పిల్లోడు బాస్కెట్‌బాల్‌నే నమ్ముకుంటానంటే ఇంట్లో పడే మొదటి ప్రశ్న ఒకటే: "బంతాడుకుంటా ఉంటే కూడెవురు పెడతార్రా?" ప్రశ్నలో వెటకారం ఉంది గానీ తప్పు లేదు. జవాబు పైన చెప్పిన ముగ్గురి జీతం కాగితాల్లో ఉంది. మన దేశంలో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ప్లేయర్ అంటే దాదాపుగా స్పోర్ట్స్ కోటా ఉద్యోగే. రైల్వే, బ్యాంకు, ఆదాయపు పన్ను శాఖ, కస్టమ్స్, ఆర్మీ, ఓఎన్‌జీసీ, పోలీసు, విద్యుత్ బోర్డు, వీళ్లే జట్లు పోషిస్తారు. కాబట్టి పదహారేళ్లప్పటి నుంచే ఆటను ఒక ఉద్యోగ పరీక్షకు తయారైనట్టు, తేదీలూ కాగితాలూ చూసుకుంటూ ఆడాలి. ఇది చెబితే పిల్లలకు కొంచెం చప్పగా ఉంటుంది, నాకు తెలుసు.

లీగులు లేవా అంటే, వస్తుంటాయి. 2015లో యూబీఏ లీగు మొదలైంది, హైదరాబాద్ స్కై అని మనవైపు జట్టు కూడా అందులో ఉండేది. నాలుగు సీజన్లు ఆడి 2017 తర్వాత ఆగిపోయింది. ఆ తర్వాత ఐఎన్‌బీఎల్ వచ్చింది. లీగు డబ్బు మన మార్కెట్ యార్డులో టమాటా ధర లాంటిది. 2023 జులైలో కిలో రెండొందల దగ్గరికి పోయింది, ఇంకో సీజన్లో కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోస్తాం. వచ్చిన ఏడాది సంతోషంగా తీసుకోవాలి. దాన్ని నమ్ముకుని కూతురి పెళ్లికి ముహూర్తం మాత్రం పెట్టుకోలేం. ఎన్‌బీఏ సంగతి ఇంకా పలచన. అక్కడ ముప్పై జట్లు, జట్టుకు పదిహేను మంది, ప్రపంచమంతా కలిపి. పంజాబ్‌లోని బల్లో కే పల్లె నుంచి వెళ్లిన సత్నామ్ సింగ్, ఏడడుగుల రెండంగుళాల మనిషి, 2015 ఎన్‌బీఏ ఎంపికల్లో 52వ పేరుగా డల్లాస్ మావెరిక్స్‌కు దక్కాడు. ఎన్‌బీఏ మ్యాచ్‌లో మాత్రం కోర్టులో అడుగు పెట్టే అవకాశమే రాలేదు. అమ్జ్యోత్ సింగ్, ప్రిన్స్‌పాల్ సింగ్ కింది మెట్టు లీగుల దాకా వెళ్లారు. కల కనొద్దని కాదు. కల కోసం టెన్త్ తర్వాత చదువు ఆపేసేవాళ్లను చూస్తే మాత్రం నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల్లో చాలావాటికి ఇంటరో డిగ్రీయో లేకుండా దరఖాస్తే తీసుకోరు.

ఇక అసలు సంగతి, ఫైలు.

బడిలో ఉన్నప్పుడు స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్జీఎఫ్) పోటీలు. అండర్-14, అండర్-17, అండర్-19. మండలం, జిల్లా, రాష్ట్రం, తర్వాత జాతీయం. వీటితో పాటు బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న రాష్ట్ర సంఘం తరఫున యూత్, జూనియర్, సీనియర్ జాతీయ పోటీలు. డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరాక యూనివర్సిటీ జట్టు, సౌత్‌జోన్, ఆ పైన ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ. ఈ మూడు దారులూ మూడు రకాల సర్టిఫికెట్లుగా మారతాయి. కేంద్ర ప్రభుత్వ నియామకాల్లో దేశానికి ఆడితే ఫారం 1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలు ఆడితే ఫారం 2, యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం 3, జాతీయ స్కూల్ గేమ్స్ అయితే ఫారం 4. ఫారం 2 మీద ఫెడరేషన్ లేదా రాష్ట్ర సంఘం కార్యదర్శి, ఫారం 3 మీద యూనివర్సిటీ క్రీడల డీన్ లేదా ఆ బాధ్యత చూసే అధికారి, ఫారం 4 మీద విద్యాశాఖలో క్రీడలు చూసే డైరెక్టర్ స్థాయి అధికారి సంతకం ఉండాలి. ఎంపికలో వరస కూడా దాదాపు అదే. ముందు దేశం, తర్వాత జాతీయ పోటీల్లో మూడో స్థానం లోపు వచ్చినవాళ్లు, తర్వాత యూనివర్సిటీ పతకాలు, తర్వాత స్కూలు పతకాలు. పతకం లేకుండా పాల్గొన్నవాళ్లు వీళ్లందరి వెనక. జిల్లా మీట్‌లో వచ్చిన కప్పులు ఇంట్లో టీవీ పక్కన పెట్టుకోవడానికి బాగుంటాయి. ఈ ఫైల్లో వాటికి చోటు లేదు.

సర్టిఫికెట్ చేతికిచ్చిన రోజే చదవాలి. మన పిల్లల పేర్లతో ఒక తిప్పలుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టెన్త్ మెమోలో ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, మీట్ సర్టిఫికెట్‌లో ఆ అక్షరం పేరుకు ముందు ఉండాల్సింది వెనక చేరుతుంది. పుట్టిన తేదీలో నెలా రోజూ తారుమారైనా అంతే. పోటీలు ముగిసే రోజు సాయంత్రం టీఏ, డీఏ పంచేటప్పుడు అందరూ హడావుడిగా సంచులు సర్దుకుంటుంటారు. జట్టు మేనేజర్‌ను అప్పుడే పట్టుకుని మెమో జిరాక్స్ పక్కన పెట్టి సరిచూసుకోండి. నాలుగేళ్ల తర్వాత వెరిఫికేషన్‌లో దిద్దించుకోవాలంటే అప్పటికి కార్యదర్శి మారి ఉంటాడు, రికార్డు ఎక్కడుందో చెప్పే నాథుడుండడు. లామినేషన్ చేయించకండి. అసలును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, స్కాన్ తీసి మెయిల్లో దాచుకుంటే చాలు. జట్టు ఫొటో, స్కోర్‌షీట్ కాపీ, ఎంపికైనట్టు వచ్చిన లేఖ కూడా అదే ఫైల్లో పెట్టండి.

నకిలీల సంగతి కూడా చెప్పాలి. 'నేషనల్' అన్న మాట ఎవరైనా బ్యానర్ మీద రాయించుకోవచ్చు. నాలుగైదు వేలు ఎంట్రీ ఫీజు కట్టించుకుని, ఎక్కడో రెండు రోజులు ఆడించి, బంగారు అంచు సర్టిఫికెట్ ఇచ్చే పోటీలు చాలా ఉన్నాయి. కేంద్ర క్రీడా శాఖ గుర్తించిన ఫెడరేషన్ల జాబితా చూసి, ఆ పేరు లేకపోతే డబ్బు కట్టకండి. ఊళ్లో పీఈటీ సారో పీడీ సారో ఉంటే ముందు వాళ్లనడగండి. వాళ్లకు ఇవన్నీ అరచేతిలో ఉంటాయి.

సరిహద్దు విషయం మన మూడు ఊళ్లకే ప్రత్యేకం. మదనపల్లె నుంచి బెంగళూరు నూట ఇరవై కిలోమీటర్లుంటే ఎక్కువ. కుప్పం నుంచి రైలెక్కితే ఇంకా దగ్గర. పుంగనూరుకు రైలు లేకపోయినా బస్సులున్నాయి. విజయవాడకు వెళ్లాలంటే మాత్రం రాత్రంతా ప్రయాణం. దాంతో కాస్త ఆట ఉన్న పిల్లలు బెంగళూరు క్లబ్బులవైపో, చెన్నై కాలేజీలవైపో చూస్తారు. అందులో తప్పు లేదు, అక్కడ కోర్టులూ పోటీ రెండూ గట్టివి. సీనియర్ జాతీయ పోటీల్లో రైల్వేస్, తమిళనాడు, పంజాబ్, కేరళ, సర్వీసెస్ పేర్లే మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. కాకపోతే అడ్మిషన్ తీసుకునే ముందు రెండు లెక్కలు వేసుకోండి. ఒకటి, బడి ఏ రాష్ట్రంలో ఉంటే ఎస్జీఎఫ్ ఆ రాష్ట్రం తరఫునే. సంఘం మారాలంటే పాత సంఘం ఎన్‌ఓసీ కావాలి, అది అడిగిన వెంటనే వచ్చే కాగితం కాదు. రెండు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికత మీరు వరుసగా ఎక్కడ చదివారన్నదాని మీద తేలుతుంది. టెన్త్ దాకా నాలుగైదేళ్లు బెంగళూరులో చదివితే రేపు సొంత జిల్లాలోనే నాన్‌లోకల్ అవుతారు. నా లెక్కలో టెన్త్ వరకు ఇక్కడే చదివి, ఇంటర్ తర్వాత స్పోర్ట్స్ సీటు మీద చెన్నైకో బెంగళూరుకో పోవడం నష్టం తక్కువైన దారి. తమిళనాడు, కర్ణాటకల్లో బాస్కెట్‌బాల్‌కు పేరున్న యూనివర్సిటీలు ఉన్నాయి, మంచి ఆటగాడికి ఫీజులో, హాస్టల్‌లో రాయితీ ఇస్తాయి. ఎంత ఇస్తారన్నది నోటిమాటగా వదలకుండా రాతలో తీసుకోండి, గాయమై ఏడాది ఆడలేకపోతే సీటు ఏమవుతుందన్నది కూడా. కుప్పం పిల్లలకు ఇక్కడ ఒక మేలుంది, ఎవరూ నేర్పకుండానే తమిళం, కన్నడం వచ్చేస్తాయి. డ్రెస్సింగ్ రూమ్‌లో ఆ పిల్లలు పరాయివాళ్లు కారు.

ఇప్పుడు ట్రయల్స్. రైల్వేనే ఉదాహరణగా తీసుకుందాం, ఎక్కువ పోస్టులు అక్కడే. కుప్పం స్టేషన్ సౌత్ వెస్టర్న్ రైల్వే కింద, మదనపల్లె రోడ్డు స్టేషన్ గుంతకల్లు డివిజన్ కింద ఉన్నా స్పోర్ట్స్ కోటాకు ఆ గీతలు వర్తించవు. హుబ్బళ్ళి, చెన్నై, సికింద్రాబాద్, ముంబయి, ఏ జోన్‌కైనా దరఖాస్తు పెట్టొచ్చు. వయసు 18 నుంచి 25, ఏ వర్గానికీ సడలింపు లేదు. మిగతా కేంద్ర శాఖల్లో ఆటగాళ్లకు ఐదేళ్ల వరకు, ఎస్సీ, ఎస్టీలకు పదేళ్ల వరకు సడలింపు ఉంటుంది కాబట్టి రెంటినీ కలిపి గందరగోళపడకండి. ఇంకో కీలకమైన సంగతి, రైల్వే చూసేది ఈ ఆర్థిక సంవత్సరంతో పాటు అంతకు ముందు రెండు ఆర్థిక సంవత్సరాల్లో ఆడిన ఆటనే. పద్దెనిమిదేళ్లప్పుడు జూనియర్ నేషనల్స్‌లో పతకం తెచ్చి, డిగ్రీ పూర్తయ్యాక చూద్దాంలే అని బీరువాలో పెడితే, బయటికి తీసేసరికి దాని గడువు తీరిపోయి ఉంటుంది. చాలామంది మంచి ఆటగాళ్లు జారిపోయేది ఇక్కడే.

మార్కులు వందకు. ఆటలో సాధించినదానికి యాభై, ట్రయల్స్‌కు నలభై, చదువుకు పది. ట్రయల్స్ నలభైలో ఇరవై ఐదు రాకపోతే మిగతావి చూడకుండానే ఇంటికి పంపేస్తారు. నోటిఫికేషన్‌లో ఊరికే బాస్కెట్‌బాల్ అని రాసి వదలరు, పాయింట్ గార్డ్ ఒకటి, సెంటర్ ఒకటి అని స్థానంతో సహా ఇస్తారు. అందుకే రెండు స్థానాలు ఆడటం నేర్చుకోవాలి. ఐదడుగుల పది అంగుళాల కుర్రాడు తన ఊరి జట్టులో అందరికంటే పొడుగని సెంటర్‌గా ఆడుతుంటాడు. ట్రయల్స్‌కు వెళ్లేసరికి ఆరున్నర అడుగుల వాళ్లు వరసగా నిలబడి ఉంటారు. ఆ ఎత్తుకు గార్డ్ ఆటే ఉద్యోగం. రెండు చేతులతో డ్రిబ్లింగ్, ఒత్తిడిలో పాస్, 6.75 మీటర్ల గీత అవతల నుంచి షాట్, ఈ మూడూ ఎత్తు అడగవు. ఐదడుగుల మూడంగుళాల మగ్సీ బోగ్స్ ఎన్‌బీఏలోనే పద్నాలుగు సీజన్లు ఆడాడు.

ట్రయల్ రోజు ఏం జరుగుతుందో తెలిసి వెళితే సగం భయం పోతుంది. పొద్దున ఏడింటికల్లా కాగితాల పరిశీలన, ఎత్తు కొలత, తర్వాత పరుగు, జంప్. ఆపైన కుడి చేత్తో లేఅప్‌లు, ఎడమ చేత్తో లేఅప్‌లు, చోట్లు మార్చి షాట్లు. చివరికి ముందెప్పుడూ చూడని తొమ్మిది మందితో కలిపి మ్యాచ్ ఆడిస్తారు. అక్కడే పరీక్ష. బంతి దొరికిన ప్రతిసారీ తానే వేయాలని చూసేవాడు పది పాయింట్లు కొట్టినా బల్ల దగ్గర కూర్చున్న కోచ్ ముఖంలో కదలిక ఉండదు. పోయిన బంతి వెనక పరుగెత్తి డిఫెన్స్‌లో నిలబడేవాడు, అరిచి స్క్రీన్ చెప్పేవాడు, తెరిచి ఉన్న తోటివాడికి ఒక్క క్షణం ముందే బంతి అందించేవాడు కాగితం మీదికి ఎక్కుతాడు. సంస్థ జట్టుకు ఇప్పటికే ఇద్దరు స్కోరర్లు ఉంటారు, వాళ్లతో కుదిరేవాడే వాళ్లకు కావాలి. ఎడమ చేతి లేఅప్ తప్పితే మన పిల్లలు సిగ్గుతో తల దించుకుంటారు. దించకండి, తర్వాతి బంతికి సిద్ధంగా ఉన్నారా లేదా అన్నదే చూస్తారు.

రైల్వే ఒక్కటే కాదు. కేంద్ర శాఖల్లో గ్రూప్ సీ పోస్టుల్లో ఐదు శాతం వరకు క్రీడాకారులకు ఇవ్వొచ్చు. 2023 నవంబరులో తపాలా శాఖ ఒక్క నోటిఫికేషన్‌తోనే 1,899 స్పోర్ట్స్ కోటా పోస్టులు పిలిచింది. మన రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటా రెండు శాతం నుంచి మూడు శాతానికి పెరిగింది, 2025 మెగా డీఎస్సీలో ఈ కోటా కింద టీచర్ పోస్టులు కూడా వచ్చాయి. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) వెబ్‌సైట్, రైల్వే రిక్రూట్‌మెంట్ సెల్ పేజీలు వారానికోసారి చూడటం అలవాటు చేసుకోండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టేసరికి చివరి తేదీ వచ్చేసి ఉంటుంది.

ఉద్యోగం వచ్చింది. లెవెల్ 2 అయితే ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 19,900, లెవెల్ 5 అయితే 29,200. డీఏ, ఇంటద్దె కలిసి లెవెల్ 2లో కూడా ముప్పై వేలు దాటుతుంది. ఇక్కడి నుంచి జీవితం రెండు చోట్ల నడుస్తుంది. పొద్దున కోర్టులో ప్రాక్టీసు, ఆపైన ఆఫీసు, సాయంత్రం మళ్లీ కోర్టు. జాతీయ, అంతర్జాతీయ పోటీలకు కేంద్ర ఉద్యోగులకు ఏడాదికి 30 రోజుల దాకా ప్రత్యేక క్యాజువల్ లీవు ఉంది. పక్క సీటు గుమస్తాకు అది కంట్లో నలుసు. "నీకేమప్పా, బంతాడితే జీతం" అనేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. వాళ్లతో వాదనకు దిగకండి. టోర్నమెంట్ లేని రోజుల్లో సమయానికి వచ్చి, ఒక రిజిస్టరో ఒక సెక్షన్ పనో మీ చేతి మీదుగా నడిచేలా చూసుకోండి. ఆటగాళ్లలో చాలామంది ఈ పని చేయరు. ముప్పై మూడేళ్లకు మోకాలు మొరాయించి జట్టు నుంచి తప్పిస్తే, పదేళ్ల సర్వీసు ఉండి కూడా ఫైలు మీద నోటు రాయడం రాని ఉద్యోగిగా మిగులుతారు. శాఖాపరమైన పరీక్షలు రాసేందుకు వయసూ ఓపికా ఉన్నది ఇరవై ఐదు నుంచి ముప్పై లోపే. క్లర్కుగా చేరితే టైపింగ్ పరీక్ష కూడా గట్టెక్కాలి. క్యాంపుల మధ్య దొరికే ఖాళీ వారాలు దానికే.

శరీరం విషయంలో ఒక్క హెచ్చరిక. సత్నామ్ సింగ్ 2019లో డోప్ పరీక్షలో దొరికాడు, హైజెనమైన్ అనే పదార్థానికి రెండేళ్ల నిషేధం పడింది. అంత పెద్ద శిక్షణ కేంద్రాల్లో పెరిగినవాడికే అలా అయితే, జిమ్‌లో ఎవరో ఇచ్చిన డబ్బాలో పొడి కలుపుకు తాగేవాడి గతేంటి? సప్లిమెంట్ల కంటే మనవైపు ఇంకో ప్రమాదం దగ్గరగా ఉంది. పల్లెల్లో జ్వరానికో ఒళ్లు నొప్పులకో ఆర్ఎంపీ వేసే సూదిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. 2022 నుంచి పోటీల సమయంలో ఏ రకంగా సూదితో వేసినా ఆ మందులు నిషేధమే. పోటీలకు ముందు ఒంట్లో బాగాలేకపోతే చీటీ రాసే డాక్టరు దగ్గరికే వెళ్లి, ఆటగాడినని ముందే చెప్పి, మందు పేరు రాయించుకోండి. చీలమండ బెణికితే పసరు కట్టు కట్టుకుని మర్నాడు మళ్లీ ఆడే మొండితనం కూడా మానాలి. సిమెంటు కోర్టు మీద ఆడే మనవాళ్లకు చీలమండ, మోకాలు రెండే ఆస్తి. ఆడపిల్లలకు మోకాలి లిగమెంటు గాయాల ముప్పు ఎక్కువ, దూకి కిందికి దిగే పద్ధతిని చిన్నప్పుడే నేర్పించాలి. మంచి బూట్లు ఖరీదే, తెలుసు. పండగ బట్టల్లో ఒక జత తగ్గించి అయినా కొనండి.

ఐదుగురు ఆడే ఆటలో జట్టు దొరకకపోతే త్రీ ఆన్ త్రీ చూడండి. సగం కోర్టు, ఒక రింగు, నలుగురుంటే జట్టు, పది నిమిషాలు లేదా ఇరవై ఒక్క పాయింట్లు. టోక్యో ఒలింపిక్స్ నుంచి అది పతకం ఉన్న ఆట. పుంగనూరు లాంటి ఊళ్లో పన్నెండు మందిని కూడగట్టడం కష్టం, నలుగురిని కూడగట్టొచ్చు. ఫెడరేషన్ దీనికి కూడా వేరుగా జాతీయ పోటీలు పెడుతుంది.

కోటా ఉద్యోగం అందనివాళ్లకూ, వచ్చి ఆట ముగిసినవాళ్లకూ మిగిలే దారులు దగ్గరదగ్గరగానే ఉంటాయి. బీపీఈడీ చేస్తే డీఎస్సీలో పీఈటీ. చెన్నై నందనంలోని వైఎంసీఏ వ్యాయామ కళాశాల 1920 నుంచి ఈ చదువే చెబుతోంది, బాస్కెట్‌బాల్‌ను ఈ దేశానికి తెచ్చింది కూడా వైఎంసీఏ వాళ్లే. కోచ్ కావాలంటే పాటియాలా ఎన్‌ఐఎస్‌లో ఏడాది డిప్లొమా, అంత తీరిక లేనివాళ్లకు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు. ప్రైవేటు స్కూళ్లు కోచ్‌ను పెట్టుకునేటప్పుడు ఇప్పుడు ఈ సర్టిఫికెట్టే అడుగుతున్నాయి. రెఫరీ పరీక్షను మనవాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ, ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో ఆటలో ఉండటానికి అంతకంటే వీలైన పని లేదు. పైగా నియమాల పుస్తకం పూర్తిగా చదివిన ఆటగాడు కోర్టులో కూడా తెలివిగా ఆడతాడు. ఆరు వారాల కోర్సుకు దరఖాస్తు పెట్టాలనుకుంటే జట్టులో పేరు ఉండగానే పెట్టండి. అప్పుడైతే స్పోర్ట్స్ ఆఫీసర్ సంతకంతో సెలవు తేలిగ్గా దొరుకుతుంది. జట్టు నుంచి తప్పుకున్నాక అదే సెలవు కోసం సెక్షన్ సూపరింటెండెంట్ బల్ల ముందు నిలబడాల్సి వస్తుంది.